గుండెను సిద్ధం చేసే చేతులు

ప్రయోగశాల పత్రాల్లో 'పద్ధతులు' అనే భాగం ఒకటి ఉంటుంది. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నేను ఆ భాగాన్ని కథ చదివినట్టే చదువుతాను. అందులో క్రియలకు కరువు ఉండదు. గుండె తీయబడింది, కడగబడింది, కోయబడింది, గడ్డకట్టించబడింది, రంగు వేయబడింది. కర్త మాత్రం ఎక్కడా కనబడదు. మామూలు మాటల్లో మనం ఈ 'బడు' ప్రయోగం చెయ్యం. 'అన్నం వండబడింది' అని ఏ ఇంట్లోనూ అనరు. 'వంటయింది' అంటారు. ఆలోచిస్తే అక్కడా వండినామె లేదు. వంట దానంతటదే అయిపోయింది!

శాస్త్రభాషలోనూ వంటింటి భాషలోనూ కర్త ఇలా మాయమవడం ఒక్కటే రకం మాయమవడమా అన్న ప్రశ్న నన్ను కొంతకాలంగా వేధిస్తోంది. జవాబు కోసం ఏదో ఒక చిన్న రంగాన్ని ఎంచుకోవాలి. నేను గుండె కణజాలాన్ని ఎంచుకున్నాను. కవులు ఎక్కువగా వాడిన అవయవం అదే కదా. మన భాషలో దానికి మూడు మాటలున్నాయి. ప్రేమకు హృదయం, ధైర్యానికి గుండె, కూరకు గుండెకాయ. ప్రయోగశాలకు పనికొచ్చేది ఈ మూడోదే, పావుకిలో నుంచి మూడొందల గ్రాముల దాకా తూగే కండ.

ఆ కండను చూడటానికి ముందు సిద్ధం చేయాలి. మాది నాదెండ్ల. 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లా, ఇప్పుడు పల్నాడు జిల్లా. మా ఊళ్ళో కోడిని శుభ్రం చేసే ఏ ఆడమనిషినడిగినా చెబుతుంది, గుండెకాయను చీల్చి లోపలి నెత్తురు గడ్డ తీసి కడగకపోతే కూర నీచువాసన వస్తుందని. ప్రయోగశాలలోనూ మొదటి పని అదే. గదుల్లో నెత్తురు గడ్డ మిగిలితే మందు లోపలికి పోదు, బరువు తప్పు చూపిస్తుంది. తర్వాత ఊరబెట్టడం. 1893లో జర్మనీలో ఫెర్డినాండ్ బ్లూమ్ ఫార్మాల్డిహైడ్‌కి కణజాలాన్ని గట్టిపరిచి నిలవచేసే గుణం ఉందని గుర్తించినప్పటినుంచి ప్రపంచమంతా పది శాతం ఫార్మాలిన్ వాడుతోంది. ముక్క పల్చగా ఉండాలి, ద్రవం ముక్కకు ఎన్నో రెట్లు ఎక్కువ ఉండాలి. లేకపోతే పైన ఊరి లోపల కుళ్ళుతుంది. ఆవకాయ పెట్టినవాళ్ళకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

ఆ పైన ఆల్కహాల్ మెట్లు. తక్కువ గాఢత నుంచి ఎక్కువ గాఢతకు ముక్కను మార్చుకుంటూ పోయి నీరంతా తీసేస్తారు. ఆల్కహాల్ స్థానంలోకి జైలీన్, జైలీన్ స్థానంలోకి కరిగిన మైనం ఎక్కుతాయి. మైనపు దిమ్మను మైక్రోటోమ్ మీద నాలుగైదు మైక్రాన్ల మందాన కోస్తారు. తలవెంట్రుక మందంలో అది పదో వంతు కూడా ఉండదు. కోసిన పొర రిబ్బనులా వస్తుంది. గోరువెచ్చని నీళ్ళమీద తేలేసి ముడతలు విప్పి గాజుపలక మీదికి ఎక్కించాలి. ఈ ఒక్క పని నేర్చుకోడానికి నెలలు పడుతుంది. పుస్తకంలో దానికి ఒక వాక్యమే. తర్వాత రంగులు. హిమటాక్సిలిన్ కణకేంద్రకాలను నీలం చేస్తుంది, ఇయోసిన్ కండను గులాబి చేస్తుంది. 1929లో మాసన్ పేరుతో వచ్చిన మూడురంగుల పద్ధతిలో కండ ఎర్రగానూ, గాయం మానినచోట పేరుకున్న పీచు నీలంగానో ఆకుపచ్చగానో కనబడుతుంది. గుండెపోటు వచ్చి మానిన గుండెలో మచ్చ ఎక్కడుందో చదువు రానివాళ్ళు కూడా వేలుపెట్టి చూపించగలరు.

నేను చూసిన రెండు మూడు ల్యాబుల్లో ఆ పొరలు కోసేవాళ్ళు డిప్లొమా చదివిన ఆడపిల్లలు. రిపోర్టు కింద సంతకం డాక్టరుది. అది చట్టప్రకారం సరైనదే కావచ్చు. కానీ పొర చిరిగితే 'ఎవరు కోశారు' అని వెంటనే అడుగుతారు, పొర బాగా వస్తే ఎవరూ అడగరు. అన్నంలో రాయి తగిలినప్పుడే వండినామె గుర్తొచ్చినట్టు.

*

చచ్చిన గుండె సంగతి ఇది. బతికున్న గుండెను శరీరం బయట కొట్టుకునేలా ఉంచడం ఇంకో కథ. ఆ కథ ఒక సహాయకుడితో మొదలవుతుంది. లండన్‌లో సిడ్నీ రింగర్ 1882లో కప్ప గుండెను ఉప్పునీటిలో కొట్టుకునేలా ఉంచగలిగానని ప్రకటించాడు. మర్నాటి ఏడాది దాన్ని సవరించుకున్నాడు. ఆ ఉప్పునీరు శుద్ధమైన నీటితో కలిపింది కాదని, న్యూ రివర్ వాటర్ కంపెనీ కుళాయి నీళ్ళతో కలిపిందని తేలింది. నీళ్ళు కలిపింది అతని సహాయకుడు. కుళాయి నీళ్ళలో ఉన్న కాల్షియమే గుండెను నడిపించింది. శుద్ధమైన నీళ్ళతో కలిపి చూస్తే గుండె ఆగిపోయింది. కండరం ముడుచుకోవాలంటే కాల్షియం కావాలన్న పెద్ద సంగతి ఒక పనివాడు నీళ్ళు పట్టిన కుళాయి నుంచి వచ్చిందన్నమాట. ద్రావణానికి పేరు మాత్రం రింగర్‌ది. ఈనాటికీ మన ఆస్పత్రుల్లో ఎక్కించే సెలైన్ సీసాల్లో కొన్నిటిమీద 'రింగర్ లాక్టేట్' అని ఉంటుంది.

1895లో ఆస్కార్ లాంగెన్‌డార్ఫ్ ఇంకో అడుగు వేశాడు. పిల్లి, కుందేలు, కుక్క గుండెలను బయటికి తీసి, బృహద్ధమనిలో గొట్టం పెట్టి వెనక్కి ద్రవాన్ని పంపాడు. కవాటం మూసుకుంటుంది, దారిలేక ద్రవం గుండెకు నెత్తురందించే సన్నటి నాళాల్లోకి పోతుంది. గుండె గంటలకొద్దీ కొట్టుకుంటుంది. ఇప్పటికీ గుండె మందుల పరిశోధనలో ఆ పద్ధతి వాడుకలో ఉంది.

ఆ మర్నాటి ఏడాది, 1896లో, ఐడా హైడ్ అనే అమెరికన్ స్త్రీ హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందింది. శరీరధర్మశాస్త్రం చెప్పే ప్రొఫెసర్ క్యూనె తన ఉపన్యాసాలకుగానీ ప్రయోగశాలకుగానీ ఆమెను రానివ్వలేదు. అతని సహాయకులు రాసుకొచ్చిన నోట్సు చూసి ఆమె చదువుకుంది. పరీక్షలో నెగ్గింది. తర్వాత హార్వర్డ్ వైద్యకళాశాలలో పరిశోధన చేసిన తొలి స్త్రీ అయింది. 1898లో మొదలైన అమెరికన్ ఫిజియాలజీ పత్రిక మొదటి సంపుటిలోనే ఆమె పత్రం ఉంది. జఠరిక సాగినప్పుడు గుండె గోడల్లో నెత్తురు ప్రవాహం ఎలా మారుతుందన్నది దాని విషయం. అప్పటికి ఆ కళాశాల ఆడవాళ్ళను విద్యార్థినులుగా చేర్చుకునేది కాదు. 1945లోగానీ చేర్చుకోలేదు. గుండె గోడను తెరిచిన మనిషికి గుమ్మం తెరవడానికి అర్ధశతాబ్దం పట్టింది! 1938లో ఆమె తన చదువు గురించి ఒక వ్యాసం రాసింది. 'స్త్రీలు ఇంకా మనుషులు కాకముందు' అని దాని పేరుకు అర్థం. మన స్త్రీవాద సాహిత్య పాఠాల్లో పెట్టుకోదగ్గ శీర్షిక.

*

అదే హార్వర్డ్‌కి 1923లో ఒక తెలుగువాడు వచ్చాడు. లాంగెన్‌డార్ఫ్ పద్ధతి వచ్చిన 1895లోనే, జనవరి 12న, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన గురించి మనకు తెలియంది కాదు. కానీ ఆయన చేసిన తొలి పనిని 'సిద్ధం చేయడం' వైపు నుంచి చూడాలని నాకు అనిపించింది.

సైరస్ ఫిస్కేతో కలిసి సుబ్బారావు 1925లో ప్రకటించింది ఒక రంగు పద్ధతి. కణజాలం నుంచి తీసిన ద్రవానికి మాలిబ్డేట్ కలిపి, దాన్ని క్షయీకరించే మందు వేస్తే నీలిరంగు వస్తుంది. ఎంత నీలమో అంత ఫాస్ఫరస్. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ చదువుతారు. పిల్లి కండలతో ఈ పరీక్ష చేస్తున్నప్పుడు ఒక వింత కనబడింది. రంగు రావలసినంత వేగంగా రాలేదు. ఆలస్యంగా, నెమ్మది నెమ్మదిగా ముదిరింది. ఎవరైనా మందు పాతదనో చెయ్యి తప్పిందనో పారబోసేవాళ్ళు. వీళ్ళు ఆ ఆలస్యం ఎందుకని అడిగారు. ఆమ్లంలో కొద్ది కొద్దిగా విడిపోతున్న ఫాస్ఫరస్ సమ్మేళనం ఏదో కండలో ఉందని తేలింది. అది ఫాస్ఫోక్రియాటిన్, 1927. కండ పనిచేస్తే అది తగ్గుతుంది, విశ్రాంతిలో మళ్ళీ నిండుతుంది. 1929లో అదే జంట ఏటీపీని కూడా కండ నుంచి వేరుచేసి ప్రకటించింది.

గుండెకు ఈ రెంటి అవసరం ఎంతో చెప్పాలి. గుండె కండలో ఉన్న ఏటీపీ కొన్ని సెకన్లకే సరిపోతుంది. ఎప్పటికప్పుడు తయారుకాకపోతే గుండె ఆగుతుంది. ఫాస్ఫోక్రియాటిన్ ఆ లోటును తక్షణం పూడ్చే చేబదులు లాంటిది. అందుకే దాన్ని కొలవడం కష్టం. గుండెను కోసి బల్లమీద పెట్టేలోపలే అది ఖర్చయిపోతుంది. కాబట్టి కొట్టుకుంటున్న గుండెను ఉన్నదున్నట్టు క్షణంలో గడ్డకట్టించాలి. 1960లో వోలెన్‌బెర్గర్ బృందం దీనికోసం ప్రత్యేకమైన పటకారు చేసింది. ద్రవ నైట్రోజన్‌లో చల్లబరిచిన రెండు లోహపు పలకల మధ్య కణజాలాన్ని చటుక్కున నొక్కితే పల్చటి బిళ్ళయి గడ్డకడుతుంది. దాన్ని చలిలోనే పొడిచేసి ఆమ్లంలో కలిపి కొలుస్తారు. ఇక్కడా ఫలితమంతా చేతి వేగం మీదే ఆధారపడుతుంది.

ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో కనుగొన్నది సుబ్బారావు జంట ఒక్కటే కాదు. అదే ఏడాది లండన్‌లో మరో జంట కప్ప కండల్లో ఆ పదార్థాన్నే పసిగట్టి, 'ఫాస్ఫాజెన్' అని పేరుపెట్టింది. పత్రం మీద పి. ఎగ్లటన్, జి. పి. ఎగ్లటన్ అని ఉంటుంది. అన్నదమ్ములనుకోవచ్చు. జి. పి. అంటే గ్రేస్ పామర్. ఆమె స్త్రీ, శరీరధర్మ శాస్త్రవేత్త, రెండో ఎగ్లటన్ భార్య. 1932లో ఎడింబరో ఔషధశాస్త్రజ్ఞుడు ఎ. జె. క్లార్క్‌తో కలిసి ఈ జంట, ద్రవం పంపుతూ సజీవంగా ఉంచిన కప్ప గుండెలో ఫాస్ఫాజెన్ ఎలా తగ్గుతుందో ఎలా పెరుగుతుందో చూసింది. 1938లో కప్ప గుండె జీవక్రియ గురించి వచ్చిన పుస్తకానికీ ఆమె సహరచయిత్రి. ఈసారి ఆమె పేరు ఎం. జి. ఎగ్లటన్ అని ఉంటుంది. కండ నుంచి గుండె దాకా ఆ పదార్థాన్ని వెంటాడిన మనిషి ఒకరే. గ్రంథాలయ సూచికలో మాత్రం ఇద్దరిలా కనబడుతుంది. పొడి అక్షరాల వెనక ఆడవాళ్ళను వెతకడం మనకు కొత్తేమీ కాదు. తెలుగు పత్రికల తొలి రోజుల్లో 'ఒక స్త్రీ', 'ఒక సోదరి' అన్న సంతకాల వెనక ఎవరున్నారో వెతికినవాళ్ళం కదా!

సుబ్బారావు వెనక ఉన్న ఆడవాళ్ళకు పొడి అక్షరాలు కూడా లేవు. తండ్రి పోయాక కొడుకును చదివించడానికి తల్లి వెంకమ్మ తన నగలమ్మిందని జీవితచరిత్రలు చెబుతాయి. 1919లో ఆయన శేషగిరిని పెళ్ళిచేసుకున్నాడు. అమెరికా ప్రయాణానికి ఆమె తండ్రి డబ్బు సాయం చేశాడు. ఆయన వెళ్ళాక పుట్టిన బిడ్డ ఏడాది నిండకుండానే పోయాడు. ఆ బిడ్డను తండ్రి చూడలేదు. 1948లో న్యూయార్క్‌లో చనిపోయేదాకా ఆయన తిరిగిరాలేదు. బోస్టన్‌లో మొదటి రోజుల్లో పొట్టకోసం ఆస్పత్రిలో రాత్రిపూట కూలిపని చేశాడు. హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఉద్యోగమివ్వలేదు. ఆయన కష్టం కష్టం కాదని నేననను. పరాయిదేశంలో రంగు మనిషిగా ఆయనకు జరిగిన అన్యాయాన్ని మనవాళ్ళు బాగానే రాశారు. ఆ రాతల్లో శేషగిరి ఒక పేరాలో వచ్చి వెళ్ళిపోతుంది, 'త్యాగమూర్తి' అన్న బిరుదుతో. త్యాగం అన్న మాట కూడా ఒక 'బడు' ప్రయోగమేనని నాకనిపిస్తుంది. ఆమెనెవరూ అడగలేదు. ఆమె 'వదిలివేయబడింది'. వదిలిన కర్తను ఆ వాక్యంలో దాచేశాం. పాతికేళ్ళపాటు ఆమె ఏ లెక్కతో బతికిందో, ఏ రోజుల్లో ఉత్తరం కోసం చూసిందో మన శాస్త్ర చరిత్రలో భాగం కాదా? నీలిరంగు ఆలస్యంగా వస్తే ఎందుకని అడిగిన మనం, ఈ ఆలస్యాన్ని ఎందుకు అడగలేదు?

*

స్త్రీల పేర్లు గట్టిగా వినబడే చోటు కూడా ఒకటుంది. అదీ సిద్ధం చేసే పని ద్వారానే వచ్చింది. కెనడాలో మాడ్ అబ్బట్‌ను మెక్‌గిల్ వైద్యకళాశాల స్త్రీ అయినందుకు చేర్చుకోలేదు. వేరే కళాశాలలో చదివి 1894లో డాక్టరయింది. 1898లో అదే మెక్‌గిల్ ఆమెను తన మ్యూజియంలో సహాయ సంరక్షకురాలిగా పెట్టుకుంది. సీసాల్లో నిలవున్న అవయవాలు తుడిచి, మందు మార్చి, చీటీలు అంటించే పని. వంటింట్లో అటక సర్దడంతో సమానమని అప్పగించినవాళ్ళు అనుకుని ఉంటారు. ఆ అటకమీద ఆమెకు ఒక వింత గుండె దొరికింది. మామూలు గుండెకు నాలుగు గదులైతే దానికి మూడే. దాన్ని దాచిపెట్టిన డాక్టర్ ఆండ్రూ హోమ్స్ 1824లోనే దాని గురించి రాశాడని ఆమె కనిపెట్టింది. అక్కడినుంచి పుట్టుకతో వచ్చే గుండె లోపాలన్నిటినీ పోగుచేయడం మొదలుపెట్టింది. అప్పటికి కైజర్లింగ్ పద్ధతి వచ్చింది. ఫార్మాలిన్‌లో ఊరబెట్టి, ఆల్కహాల్‌తో రంగు తిరిగి రప్పించి, గ్లిజరిన్ ద్రావణంలో నిలవచేస్తే గుండె సహజమైన రంగులోనే ఉంటుంది. 1936లో ఆమె అట్లాసు వచ్చింది, వెయ్యి కేసుల లెక్కతో. అదే ఏడాది ఆమె సహాయ ఆచార్యురాలి హోదాలోనే పదవీ విరమణ చేసింది. మెక్సికోలో హృద్రోగ సంస్థ గోడమీద డియేగో రివేరా వేసిన హృద్రోగ శాస్త్ర చరిత్ర చిత్రంలో ఉన్న ఏకైక స్త్రీ ఆమె.

బాల్టిమోర్‌లో హెలెన్ టాసిగ్ అబ్బట్ దగ్గర ఆ గుండెలను చూసి నేర్చుకుంది. వినికిడి తగ్గిపోయిన టాసిగ్ పిల్లల గుండె చప్పుడును చేతివేళ్ళతో తెలుసుకునేది. నీలివర్ణపు పిల్లలకు నెత్తురు దారి మళ్ళిస్తే బతుకుతారని ఆమె అడిగింది. ఆల్ఫ్రెడ్ బ్లాలక్ ప్రయోగశాలలో కుక్కలమీద ఆ శస్త్రచికిత్సను సాధ్యం చేసి చూపించింది వివియన్ థామస్ అనే నల్లజాతి సహాయకుడు. వడ్రంగం నేర్చినవాడు, వైద్యం చదవనివాడు. మొదట్లో జీతాల పట్టికలో అతన్ని ఊడ్చేవాళ్ళ వరుసలో రాశారు. 1944 నవంబరు 29న మొదటి బిడ్డకు ఆపరేషన్ జరుగుతుంటే బ్లాలక్ వెనక నిలబడి ఎలా కుట్టాలో చెబుతూ ఉన్నాడు. ఆపరేషన్‌కు పేరు బ్లాలక్-టాసిగ్. థామస్‌కు గౌరవ డాక్టరేటు 1976లో వచ్చింది. ఇప్పుడిప్పుడు మూడో పేరు కలిపి రాస్తున్నారు. పురుషుల ప్రపంచంలో తన పేరు నిలుపుకున్న స్త్రీ పక్కన కూడా ఇంకో చెయ్యి మాయమైందని మనం మరిచిపోకూడదు. మన దగ్గర శవపరీక్ష గదుల్లో కత్తి పట్టే చేతులు ఏ కులాలవో, కాగితం మీద రాసే చేతులు ఏ కులాలవో తెలిసినవాళ్ళకు థామస్ కథ అమెరికా కథగా అనిపించదు.

1960లో గుండె కణాలను ఒక్కొక్కటిగా విడదీసి గాజుపళ్ళెంలో పెంచే పద్ధతి వచ్చింది. అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల గుండెలను సన్నగా తరిగి, ట్రిప్సిన్‌తో కలిపి కదిలిస్తే కణాలు విడిపోతాయి. రోజులు గడిచాక పళ్ళెం అడుగున ఒంటరిగా ఉన్న కణం తనంతట తాను కొట్టుకుంటుంది. రెండు కణాలు తాకితే లయ కలుస్తుంది. పత్రం మీద పేర్లు ఐజాక్ హరారీ, బార్బరా ఫార్లీ. పరిశోధకులు ఆ పత్రాన్ని ఉదహరించేటప్పుడు 'హరారీ మొదలైనవారు' అనీ, 'హరారీ, బి. ఫార్లీ' అనీ రాస్తారు. మళ్ళీ పొడి అక్షరం.

*

అబ్బట్ నుంచి టాసిగ్‌కు చేరిన విద్య టాసిగ్ నుంచి మన దేశానికి కూడా వచ్చింది. బర్మాలో 1917లో పుట్టిన డాక్టర్ ఎస్. పద్మావతి యుద్ధంలో ఇల్లు వదిలి వచ్చి, జాన్స్ హాప్కిన్స్‌లో టాసిగ్ దగ్గర చదువుకుని, ఢిల్లీ లేడీ హార్డింజ్ కళాశాలలో 1954లో గుండె పరీక్షా ప్రయోగశాల పెట్టింది. 2020లో 103 ఏళ్ళ వయసులో చనిపోయింది. ఆమె 1959లో ప్రకటించిన ఒక అధ్యయనం నన్ను ఆపేసింది. ఊపిరితిత్తుల జబ్బువల్ల గుండె కుడిభాగం పెరిగిపోయిన 127 మంది ఢిల్లీ రోగుల గురించి అది. వేరే దేశాల్లో ఇది పొగతాగే మగవాళ్ళ జబ్బు. ఇక్కడ ఆడవాళ్ళలోనూ బాగా కనబడింది, అదీ చిన్నవయసులో. చుట్టా బీడీ ముట్టని ఆడవాళ్ళకు ఈ జబ్బేమిటి? పొయ్యి పొగను అనుమానించారు.

ఊపిరితిత్తులు గట్టిపడితే వాటిలోకి నెత్తురు తోసే కుడి జఠరిక కష్టపడాలి. కష్టపడే కండ పెరుగుతుంది. చనిపోయిన గుండెలో దీన్ని తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. 1952లో ఫుల్టన్, అతని సహచరులు వివరించారు. పైగదులనూ కొవ్వునూ తీసేసి, కుడి జఠరిక గోడను విడిగా కోసి, మధ్యగోడతో కలిపి ఎడమ జఠరికను విడిగా ఉంచి, రెంటినీ వేరువేరుగా తూచాలి. కత్తి, తక్కెడ చాలు. ఎంతో సాదా పద్ధతి. కానీ ఒక ఆడమనిషి నలభై ఏళ్ళు పొయ్యి ముందు కూర్చున్న సంగతి అందులో గ్రాముల్లో తేలుతుంది. మన ఇంటిపనికి ఇంతకంటే కచ్చితమైన కొలత నేను ఎక్కడా చూడలేదు.

నాదెండ్ల చుట్టుపక్కల నల్లరేగడి. పత్తి, మిరప. చేను అయిపోయాక పత్తికట్టె పీకి ఇంటికి చేరవేస్తారు. మా పెద్దమ్మ వంట దానితోనే, తోడు పిడకలతో. వానాకాలంలో తడికట్టె మండక ఊదుగొట్టంతో ఊది ఊది కళ్ళు చింతనిప్పులయ్యేవి. 1999లో దీపం పథకం వచ్చాక గ్యాస్ పొయ్యి వచ్చింది గానీ స్నానాల నీళ్ళకూ పశువుల కుడితికీ పాతపొయ్యి వెలుగుతూనే ఉండేది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటే చాలాకాలం 'నీరసం' అన్నారు, 'గ్యాసు' అన్నారు. ఒకచోట 'ఇంట్లో ఏమన్నా గొడవలా' అని అడిగారు. ఆఖరికి పట్నంలో ఒక ఆస్పత్రిలో స్కానింగ్ తీసి గుండె కుడిపక్క పెద్దదయిందని చెప్పారు. పెద్దమ్మ నావంక తిరిగి "గుండెకాయ ఎడంపక్కన గదే ఉండేది? కుడిపక్క పెరగటం ఏందే?" అంది. నేను కాగితం మీద నాలుగు గదులు గీసి చూపించాను. చాలాసేపు చూసి "అయితే పొగంతా ఇట్టా పోయిందన్నమాట" అని కుడిగది మీద వేలుపెట్టింది. ఏ పాఠ్యపుస్తకంలోనూ ఇంత సూటిగా లేదు.

ఆడవాళ్ళ చేతులు ప్రయోగశాలలో ఇంతకాలంగా ఉన్నాయి, మరి ఆడవాళ్ళ గుండెలు? అవి ప్రయోగశాలకు ఆలస్యంగా వచ్చాయి. ఆడజంతువుల్లో హార్మోన్ల మార్పులుంటాయి, ఫలితాలు చెదురుతాయి అన్న సాకుతో దశాబ్దాలపాటు చాలా ప్రయోగాలు మగ ఎలుకల మీదే జరిగాయి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధనా సంస్థ తన నిధులతో మనుషులమీద జరిగే పరీక్షల్లో స్త్రీలను చేర్చాలని 1993లో చట్టం వచ్చింది. జంతువుల, కణాల ప్రయోగాల్లో కూడా ఆడా మగా భేదాన్ని లెక్కలోకి తీసుకోవాలన్న నియమం 2016 జనవరిలో అమలైంది. కణం ఎవరిదో రాయమని అడగడానికి 21వ శతాబ్దం దాకా ఆగాల్సి వచ్చింది. 'కణాలు తీయబడ్డాయి' అన్న వాక్యంలో తీసినదెవరో లేదు, ఎవరినుంచో కూడా లేదు. వాక్యంలో కర్త లేకపోవడం భాషకు సంబంధించిన సంగతిలా కనబడుతుంది. ఆ అలవాటు ఆయాసంతో వచ్చిన ఆడమనిషిని 'గ్యాసు' అని ఇంటికి పంపించేదాకా పోతుంది. ఎవరి గుండె ఎలా మారుతుందో కొలిచి ఉంచకపోతే డాక్టరు దగ్గర పోల్చి చూసుకోడానికేమీ ఉండదు.

అందుకే ఈ చరిత్ర శాస్త్రవేత్తలు ఒక్కరే రాయాల్సింది కాదనుకుంటాను. మనం ఇళ్ళల్లోని పాత ఉత్తరాలు, డైరీలు, పద్దుపుస్తకాలు తిరగేసి రచయిత్రులను బయటికి తెచ్చాం. అదే పని ల్యాబు రికార్డుల మీద చేయవచ్చు. మన జిల్లాల వైద్యకళాశాలల్లో, గుంటూరులో 1946 నుంచి ఉన్న కళాశాలలాంటి చోట్ల, దశాబ్దాలుగా పొరలు కోసినవాళ్ళు, రంగులు కలిపినవాళ్ళు, సీసాల్లో మందు మార్చినవాళ్ళు ఎందరో ఉండి ఉంటారు. కొందరు రిటైరై మన వీధుల్లోనే ఉండవచ్చు. వాళ్ళను కూర్చోబెట్టి అడగాలి. ముడత పడకుండా పొరను ఎలా ఎక్కించేవాళ్ళు, రంగు సరిగ్గా పట్టిందని దేన్నిబట్టి తెలిసేది, ఆ మందుల ఘాటుకు కళ్ళు ఏమయ్యాయి, బిడ్డ కడుపులో ఉన్నప్పుడు ఆ గదిలో ఎన్ని గంటలు నిలబడ్డారు అని. చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. రాసేటప్పుడు ఒక్క నియమం పెట్టుకుంటే చాలు. ప్రతి వాక్యంలోనూ కర్త ఉండాలి, పూర్తి పేరుతో.